తీసేసిన ఫారాలు

బైండింగ్ షాపు, పైగది
మార్చి 6

అక్కా,

హాయిగా ఉండే పుస్తకాలని నువ్వు అడిగిన మూడింటిలో ఒకటి దొరికింది. లైబ్రరీ వాళ్ళు ఇక అట్టలు వేయించడం దండగ అనుకుని వదిలేసిన గోతాంలో, పాత టెలిఫోన్ డైరెక్టరీ కింద తలకిందులుగా పడి ఉంది. రైల్వే స్టేషన్లో దీపాలు చూసుకునేవాడి నవల. మేస్త్రిని అడిగితే, "తీసుకుపో, ఎలాగూ గుజ్జయ్యేదే" అన్నాడు.

ఫోను చెయ్యొద్దన్నావు, సరే. ఫోనులో నేను అరుస్తాను, నీకు తల పగిలిపోతుంది, ఒప్పుకుంటున్నాను. ఉత్తరమైతే సగంలో పక్కన పెట్టి, ఓపిక ఉన్నప్పుడు మిగతాది చదువుకోవచ్చన్నావు. రాతలో కూడా అరవగలనని నీకింకా తెలియదు.

కొత్త మందుతో వేళ్ళ వాపు తగ్గిందని రాశావు. పెన్సిల్ పట్టుకోగలుగుతున్నావు, వేసవి సెలవుల తర్వాత బడికి వెళ్ళి మళ్ళీ లెక్కలు చెప్తానన్నావు. ఆ వాక్యం మేస్త్రికి చదివి వినిపించాను. కానీ డాక్టరు చెప్పిన రెండో మాట నాకు నచ్చలేదు. ఎక్కడో ఒకరికి దీనివల్ల జ్ఞాపకం తడబడుతుందట, అలా అనిపిస్తే వెంటనే చెప్పాలట, మందు ఆపేస్తాడట. అది చెప్పేటప్పుడు ఆయన గోడ గడియారం వైపు చూశాడని రాశావే, అప్పట్నుంచి మా షాపు గడియారం చూసినా నాకు మండుతోంది.

నీ రోజులకి నువ్వు పెట్టుకున్న పేర్లు నాకు కంఠతా వచ్చేశాయి. లేచే రోజు, కూర్చునే రోజు, గోడ రోజు. గోడ రోజున గోడ తప్ప ఏమీ చూడలేవు. అలాంటి రోజులకి పుస్తకం కావాలంటే అది ఎలా ఉండాలి? మెత్తగా ఉండాలి. ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదు. అందుకే పంపేముందు చదివాను. చదివి ఒళ్ళు మండిపోయింది. ఈ రాసేవాళ్ళకి జబ్బు మనుషులంటే ఏమిటసలు? కథలో ఒకరికి దగ్గొస్తే చాలు, నూట యాభయ్యో పేజీకల్లా పైకి పంపించేస్తారు. మిగతావాళ్ళకి బుద్ధి రావడానికి ఒకరు చావాలి, ఆ ఒకరు ఎప్పుడూ మంచం మీదున్న మనిషే. వాళ్ళలో ఒక్కడు కూడా మంచం పట్టిన మనిషి పక్కటెముకల కింద తువ్వాలు మడత ఎలా పెట్టాలో రాయడు.

సరే. దీని వెన్ను విరిగిపోయింది. మొత్తం విప్పేసి, ఫారాలు విడదీసి మళ్ళీ కుట్టాను. ఫారమంటే పదహారు పేజీల మడత, అవి పది పన్నెండు కలిపి కుడితే పుస్తకం అవుతుందని నీకు ఎన్నిసార్లు చెప్పానో. కొత్త అట్ట, ఆకుపచ్చ గుడ్డ. ఇప్పుడిది నీకు పనికొచ్చే పుస్తకం. భయం లేకుండా చదువుకో.

నీ గుండుసూది


మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
మార్చి 29

గుండుసూదీ,

నీ ఉత్తరం మూడు రోజులు చదివాను. ఒక్కో రోజు ఒక్కో పేరా. నిజంగానే రాతలో కూడా అరుస్తున్నావు. కానీ ఉత్తరాన్ని మడిచి దిండు కింద పెట్టేస్తే నోరు మూసుకుంటుంది, ఫోనుకి ఆ సుగుణం లేదు.

అట్ట చాలా బాగుంది. తెరిస్తే మంచం మీద దానంతటదే పరుచుకుని ఉంటోంది, నేను పట్టుకోనక్కర్లేదు. అది నువ్వు కావాలనే చేశావని నాకు తెలుసు.

ఆ దీపాలవాడు సాయంత్రం కాగానే నూనె డబ్బా తీసుకుని, ఒకటో దీపం నుంచి పంతొమ్మిదో దీపం దాకా వరసగా వెళ్తాడు చూడు, కూర్చునే రోజుల్లో నాకు ఆ పేజీలే కావాలి. ఎవరో తన పని తాను సరిగ్గా చేస్తుంటే చూస్తూ కూర్చోవడం. కథ ముందుకు వెళ్ళకపోయినా ఫర్వాలేదు.

గోడ రోజులకి పుస్తకం వద్దు. వాటికి టీవీలో ఒక ప్రోగ్రాం దొరికింది. ఒక ముసలాయన విరిగిన సామాన్లు బాగుచేస్తాడు. మాటలు తక్కువ. కళ్ళు మూసుకుని గరుకు కాగితం చప్పుడు వింటూ పడుకుంటాను. కింది వాటా టైలరమ్మ నాలుగింటికి తన కుట్టుపని పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. మొన్న ఆవిడకి విసుగొచ్చింది.

"ఇందులో కథేదమ్మా? కుర్చీ కాలు అతుక్కుంటే అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే."

"మరి విలనెవరు?"

"చెదలు."

ఇప్పుడు చెదపురుగు కనపడితే చాలు, "వచ్చాడమ్మా వెధవ" అంటుంది. ఇద్దరం నవ్వుకుంటాం. నవ్వితే పక్కటెముకలు నొప్పి, అయినా నవ్వుతాం. పక్కింటికి వెయ్యాల్సిన రంగు తప్పు ఇంటికి వేసేసే సినిమా ఉంది కదా, అది మాత్రం ఆవిడ పెట్టనివ్వట్లేదు, ఎక్కువ నవ్విస్తుందని.

ఒక్క సంగతి నన్ను కాస్త తికమక పెట్టింది. దీపాలవాడి భార్య చివర్లో పోతుందని నాకు బాగా గుర్తు. కాలేజీలో చదివినప్పుడు, ఆ పేజీ దగ్గర లేచి వెళ్ళి మొహం కడుక్కున్నది కూడా గుర్తే. కానీ ఇందులో ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని రైలు కోసం చూస్తుండగా సమాప్తం అని ఉంది. వేరే పుస్తకంలో చావుని తెచ్చి ఇందులో పెట్టేసుకున్నట్టున్నాను. ఏ పుస్తకంలోదో మాత్రం తట్టట్లేదు. పాపం, బతికున్న మనిషిని చంపి పదిహేనేళ్ళు మోశాను.

పడవలు కట్టేవాళ్ళ నవల దొరికితే పంపు. తొందరేం లేదు.

అక్క


బైండింగ్ షాపు, పైగది
ఏప్రిల్ 11

అక్కా,

పడవలవాళ్ళ నవల దొరికింది. నా కళ్ళు పడ్డాక దొరక్కుండా ఎక్కడికి పోతుంది? ఎలుకలు మొదటి ఫారం మూల కొరికేశాయి, పల్చటి కాగితం వేసి అతికించాను. ఈసారి నీలం గుడ్డ. ఇదీ మొత్తం చదివాకే పంపుతున్నాను.

నువ్వు రాసిన తికమక గురించి. కాలేజీ రోజుల్లో నువ్వు బస్సులో ఒకటి, క్లాసులో బల్ల కింద ఒకటి, అన్నం తింటూ ఒకటి చదివేదానివి. కలిసిపోక ఏమవుతాయి? అందులో ఆవిడ చావదు. అంతే. దాని గురించి ఇంక ఆలోచించకు.

నాకు బడి వదిలేశాక చదవడం నేర్పింది నువ్వే కాబట్టి నీతోనే చెప్పుకోవాలి. నేను ఇప్పటిదాకా చదివినవన్నీ షాపులోకి కుట్టడానికి వచ్చినవే. ఒక వారం పశువైద్యం, ఒక వారం జమీందారు ప్రేమ. ఏది మంచిదో చెప్పేవాడు ఎవడూ లేడు. అందుకే నాకు ఒకటే కొలత. చదివాక మనిషి లేచి కూర్చోవాలి. పడుకోబెట్టే పుస్తకాలు నాకు అక్కర్లేదు. నీకు అసలే అక్కర్లేదు.

పడవలవాళ్ళ ఇంట్లో ఆ మూడో తమ్ముడున్నాడే, ఊపిరి ఆడనివాడు, వాడిని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. కూర్చునే పని చేస్తూ అందరినీ తిడుతూ ఉంటాడు. అచ్చం నువ్వే, కాకపోతే నువ్వు తిట్టవు. తిట్టు అక్కా. మందులకి లేని గుణం దానికుంది.

బడికి ఇంకా రెండు నెలలు. పెద్ద క్లాసులు తీసుకోకు, కూర్చుని చెప్పే క్లాసులే అడుగు. లేదంటే నేనొచ్చి అడుగుతాను, అప్పుడు మీ హెడ్మాస్టరు పరిస్థితి ఆలోచించుకో.

గుండుసూది


మూడో అంతస్తు
మే 9

గుండుసూదీ,

ఈ ఉత్తరం నీకు పిచ్చిగా అనిపించొచ్చు. నాకూ అలాగే ఉంది.

పడవలవాళ్ళ నవల నిన్న పూర్తి చేశాను. మూడో తమ్ముడు కొత్త పడవకి పలకలు కొలుస్తూ కూర్చుని ఉండగా అయిపోయింది. సమాప్తం అని స్పష్టంగా ఉంది. నాకు గుర్తున్నది అది కాదు. వాడు వానాకాలంలో పోతాడు. ఇంటి ముందు బురదలో అందరి కాళ్ళ గుర్తులు పడతాయి. ఆ తర్వాత ఇంకా కథ ఉంది. ఇదంతా నిన్న చూసినట్టు కనపడుతోంది నాకు.

ఒకటంటే కలిపేశాననుకున్నాను. రెండో దానికి ఏమని సర్దిచెప్పుకోను? ముందు కాగితం తీసుకుని గుర్తున్నది రాశాను. తర్వాత పుస్తకం చివరి యాభై పేజీలు మళ్ళీ చదివాను. అక్కడ లేదు. లేని పేజీలు నా తలలో ఉన్నాయి, కాళ్ళ గుర్తులతో సహా. మర్చిపోవడమంటే భయపడేదాన్ని, లేనిది గుర్తుండటం అంతకంటే భయంగా ఉంది. మర్చిపోయినది ఎవరైనా గుర్తు చేస్తారు. లేనిది గుర్తుంటే దాన్ని ఎవరు తీస్తారు?

నిన్నట్నుంచి అన్నీ పరీక్ష చేసుకుంటున్నాను. పదిహేడో ఎక్కం, మన పాత ఇంటి తలుపు రంగు, అమ్మ చీరల వరస. తలుపు పచ్చ రంగే కదా? అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

నువ్వు పుస్తకం మొత్తం చదివానన్నావు. సూటిగా చెప్పు. ఆ తమ్ముడు చచ్చిపోతాడా, లేదా? నీ మాట నమ్ముతాను. ఇప్పుడు నా మాట కంటే నీ మాటే నాకు నమ్మకం.

అక్క


షాపు
మే 14

అక్కా,

చావడు. బతికే ఉంటాడు. పలకలు కొలుస్తూ ఉంటాడు, నువ్వు చదివిందే నిజం.

తలుపు పచ్చదే. పదిహేడో ఎక్కం నాకు ఎప్పుడూ రాలేదు కాబట్టి నన్ను అడక్కు.

నీ తలకేం కాలేదు. అలసట అది. అమ్మకి కూడా ఒంట్లో బాగోనప్పుడు సినిమాలు కలిసిపోయేవి, ఒక హీరోని తీసుకెళ్ళి ఇంకొక సినిమాలో పెళ్ళి చేసేది. ఈ పిచ్చి ఆలోచనలు మాని రంగు వేసే సినిమా పెట్టుకుని నవ్వు. టైలరమ్మ ఒప్పుకోకపోతే నా పేరు చెప్పు.

మూడోది కూడా పంపుతున్నాను, బడిపంతులమ్మ నవల. పల్చగా ఉంది కదా అనుకోకు, అది అంతే. ఎరుపు గుడ్డ.

నాకు ఈ వారం ఏమీ బాగాలేదు. దారం తెగుతోంది, జిగురు ఎక్కువవుతోంది. మేస్త్రి మీద ఊరికే అరిచాను. ఎందుకో నాకే తెలియదు.

గుండుసూది


మూడో అంతస్తు
జూన్ 20

గుండుసూదికి,

ఇది నా రాత కాదని చూడగానే తెలిసుంటుంది. టైలరమ్మ రాస్తోంది, నేను చెప్తున్నాను. చేతులకి కాస్త విశ్రాంతి ఇద్దామని. అంతకు మించి ఏమీ లేదు.

కుర్చీల ముసలాయన ఈ వారం ఒక గోడ గడియారం విప్పాడు. అందులో విలన్ తుప్పు. టైలరమ్మకి తుప్పు నచ్చలేదు, చెదపురుగుకున్న చురుకు దీనికి లేదంటోంది. (నిజమే అన్నాను. టైలరమ్మ.)

మూడో పుస్తకం అందింది. ఎరుపు బాగుంది. ఇంకా తెరవలేదు, తీరిగ్గా చదువుతాను. ఇకపై వెతికి శ్రమపడకు, ఈ మధ్య పుస్తకాల మీద పెద్దగా మనసు పోవట్లేదు. నువ్వు వేళకి తిను. మేస్త్రితో గొడవ పెట్టుకోకు.

అక్క

అమ్మాయీ, ఆవిడ కళ్ళు మూసుకుంది కాబట్టి ఈ కిందది నా సొంతంగా రాస్తున్నాను. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నేను ఒట్టు తప్పుతున్నాను, నన్ను ఏమైనా అనుకోనీ. మీ అక్క మే నెలాఖరున డాక్టరు దగ్గరికి వెళ్ళి, తన జ్ఞాపకం లేనిపోనివి పుట్టిస్తోందని చెప్పింది. చెల్లెల్ని కూడా అడిగి రూఢి చేసుకున్నానంది. ఆయన మందు ఆపేశాడు. వారం తిరక్కుండా వేళ్ళు మళ్ళీ వాచిపోయాయి. ఇప్పుడు జడ నేను వేస్తున్నాను, గ్లాసు నేను పట్టుకుంటున్నాను. నొప్పికి ఓర్చుకుంటుంది గానీ ఆ పుస్తకాలు మాత్రం కంటికి కనపడకుండా నాతో గుడ్డ కప్పించింది. మూడోది కాగితం కూడా విప్పలేదు. ఎరుపు బాగుందని అబద్ధం చెప్పింది నీకు. పైగా, తలలో లెక్క తప్పినవాళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పకూడదని బడికి రాజీనామా రాయించింది నాతో. అది నా కుట్టుమిషను సొరుగులోనే ఉంది. పోస్టు చేశావా అని రోజూ అడుగుతోంది. రోజూ మర్చిపోయాననే చెప్తున్నాను. నువ్వు ఏదైనా చెయ్యి.


షాపు
జూన్ 23

అక్కా,

టైలరమ్మకి పొద్దున ఫోను చేశాను. డాక్టరుకి ఏం చెప్పాలో ఆవిడకి చెప్పాను, ఈపాటికి చెప్పే ఉంటుంది. నీకు ఇవ్వనా అని అడిగింది. వద్దని పెట్టేశాను. అరవడం ఒక్కటే వచ్చు నాకు, ఈసారి అరవడానికి ఎవరూ లేరు.

నీ తలకి ఏమీ కాలేదు. దీపాలవాడి భార్య చచ్చిపోతుంది. పడవలవాళ్ళ తమ్ముడు చచ్చిపోతాడు, వానాకాలంలో, బురదలో కాళ్ళ గుర్తులతో సహా. నీకు గుర్తున్న ప్రతి ముక్కా పుస్తకంలో ఉంది. అంటే ఉండేది. నేను తీసేశాను.

ఎలాగో కూడా చెప్తాను, చెప్పకపోతే నువ్వు మళ్ళీ నిన్నే అనుమానించుకుంటావు. చావు ఏ ఫారంలో మొదలవుతుందో చూశాను. అక్కడ్నుంచి చివరిదాకా ఫారాలు పక్కన పెట్టేశాను. ఆ ముందు అధ్యాయం ఫారం మధ్యలో ముగిస్తే మిగతా ఆకులు కుట్టు దగ్గర కోసేశాను. అసలు చివరి పేజీలోంచి 'సమాప్తం' అన్న ముక్క కత్తిరించి, అంచులు గీకి పల్చన చేసి, కొత్త చివరి పేజీలో అతికించి, ఒక రాత్రీ పగలూ బరువు కింద పెట్టాను. వేలితో తడిమినా తెలియదు. నా పనితనం చూసుకుని అంతగా మురిసిపోయిన రోజు నా బతుకులో లేదు. అది రాస్తుంటే ఇప్పుడు చేతులు నరుక్కోవాలనిపిస్తోంది.

మూడో పుస్తకంలో మూడు ఫారాలు తీశాను. అందులో పంతులమ్మ మంచం మీద ఉంటుంది. నీలాగే చాక్‌పీసు పట్టుకోలేదు. అది చదివాక నాకు కళ్ళు కనపడలేదు, ఎక్కడ కోస్తున్నానో కూడా చూసుకోలేదు.

నువ్వు ఒంటరిగా ఆ కిటికీ పక్కన పడుకుని, ఆ పేజీ దగ్గరికొచ్చి, ఇదీ నా సంగతి అనుకుంటావని భయమేసింది. అంతే. నీకు హాయిగా ఉండాలని చేశాను. మార్చిలో నువ్వు తికమక అని రాసినప్పుడే చెప్పాల్సింది. మేలో సూటిగా అడిగావు, నా మాట నమ్ముతానన్నావు. అప్పుడు చెప్తే ఎంత బాగుండేది. నాకు తట్టనే లేదక్కా. నువ్వు పుస్తకం గురించి అడుగుతున్నావనుకున్నాను. మందు గురించి అడుగుతున్నావని నాకు అర్థం కాలేదు. డాక్టరు చెప్పింది నాకు తెలుసు, నేనే నీకు దాని మీద రెండు ముక్కలు రాశాను కూడా. అయినా ఈ రెండూ ఒకచోట పెట్టి చూసుకోలేదు. ఎలా చూసుకోలేదో ఇప్పటికీ అర్థం కావట్లేదు.

మేస్త్రికి తెలిసిపోయింది. నా అరలో గుడ్డలో చుట్టి పెట్టిన ఫారాలు చూశాడు.

"ఏంటమ్మా ఇవి? పుస్తకాలకి ఆపరేషన్లు మొదలెట్టావా?"

"వేస్టు కాగితం మేస్త్రీ."

"వేస్టయితే గోతాంలో వేస్తావు. గుడ్డలో చుట్టి దాచుకుంటావా?"

చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. "నా చేతిలోంచి ఒక్క ఫారం తక్కువైన పుస్తకం గడప దాటలేదు ఇన్నేళ్ళలో. చదివేవాడు మనం లెక్క చూశామని నమ్మి తెరుస్తాడు" అని, తన టీ తను తాగకుండా అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు. రెండు రోజులుగా నాకు కుట్టు ఇవ్వట్లేదు. అట్టలకి జిగురు రాస్తున్నాను.

ఫారాలు మూడు పుస్తకాలవీ ఉన్నాయి, ఒక్క ఆకు పోలేదు. పంపించెయ్యనా? వచ్చి కుట్టనా? ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఏమీ చెయ్యొద్దంటే కూడా.

ఆ రాజీనామా పోస్టు చెయ్యకు.

నేను


మూడో అంతస్తు
జూలై 25

చెల్లెలికి,

నా రాతే ఇది. రెండు వేళ్ళ మధ్య పెన్సిల్ ఇరికించి రాస్తున్నాను, వంకర్లు పోతే పోనీ. నెల ఎందుకు పట్టిందని అడుగుతావేమో. సగం చేతుల వల్ల. సగం నిన్ను ఏమని పిలవాలో తెలియక.

డాక్టరు మందు మళ్ళీ మొదలుపెట్టాడు. రెండు నెలల్లో పని చెయ్యాలట. కుడి బొటనవేలు వెనక్కి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. నీ మనసు కుదుట పడటానికి నేను వస్తుందని రాయను. తెలియదు.

బొటనవేలి సంగతి తర్వాత. ఆరు వారాలు నాకు పిచ్చి పడుతోందని అనుకున్నాను. ఈ జబ్బులో ఒళ్ళు నా మాట వినదని నాకు అలవాటే, కానీ తల ఒక్కటీ నాదని ఉండేది. అద్దంలో చూసుకుని, ఈ మొహం నాకు నిజంగా గుర్తుందా, నేను పుట్టించుకున్నానా అని నన్ను నేనే అడిగాను. నువ్వు తీసేసిన పేజీలు కాగితాలు కావు. అవి నా ఇరవయ్యో ఏడు. దాన్ని తీసేసి సమాప్తం అని అతికించావు. నన్ను అడగకుండా, నాకు ఏది మంచిదో నువ్వే ఖాయం చేసుకున్నావు. అది నాకు అందరూ చేసే పనే. డాక్టర్లు, హెడ్మాస్టరు, మెట్ల మీద ఎదురయ్యేవాళ్ళు. నువ్వు వాళ్ళందరినీ తిట్టే మనిషివి కదా.

నీకు ఒక్కటి అర్థం కాలేదు. అవి హాయిగా ఉండే పుస్తకాలని నేను రాసింది మర్చిపోయి రాసింది కాదు. వాటిలో ఎవరు పోతారో నాకు తెలుసు. పోయేవాళ్ళ కోసం అడగలేదు వాటిని, మిగిలేవాళ్ళ కోసం అడిగాను. ఈ మంచం మీద నాకు భయం వేసేది నా గురించి కాదు, ఎప్పుడో సద్దుమణిగింది అది. తర్వాత ఎవరు ఎలా ఉంటారో అని. దానికి జవాబు డాక్టరు దగ్గర లేదు, టీవీలో లేదు. ఆ పుస్తకాల చివర్లో కాస్త ఉన్నట్టు గుర్తు. గోడ రోజుల తర్వాత నాకు కావలసింది ఆ కాసిని పేజీలే.

ఒక మాట అడుగుతాను. ఆ పేజీలు నువ్వు చదివావా? చావు దాకా చదివి, ఒళ్ళు మండి, కత్తి తీశావని నా అనుమానం. నిన్ను పెంచినదాన్ని.

ఫారాలు పంపకు. ముందు నువ్వు చదువు. చదివి, ఏముందో రాయి. లెక్కల టీచరు ఇచ్చిన హోంవర్కు అనుకో, ఎగ్గొడితే ఊరుకోను.

రాజీనామా ఇప్పుడు పోస్టు చెయ్యడానికి వీల్లేదు. టైలరమ్మ దాన్ని ఎవరిదో చొక్కా కాలరుకి కొలత కాగితంగా కత్తిరించేసింది. "గట్టి కాగితమమ్మా, బాగా పనికొచ్చింది" అంది. అమాయకంగా మొహం పెట్టింది. నేను అడగలేదు.

కోపం ఇంకా ఉంది. ఎప్పుడు పోతుందో తెలియదు.

అక్క


షాపు, పైగది
ఆగస్టు 2

అక్కా,

చదవలేదు. నీ అనుమానం నిజం. మూడు పుస్తకాల్లోనూ చావు వచ్చిన వాక్యం దగ్గరే మూసేసి కత్తి తీశాను. ఆ తర్వాత పేజీలుంటాయని తెలుసు, బరువు కూడా చూశాను చేత్తో. ఏడుపులే ఉంటాయనుకున్నాను. మొత్తం పుస్తకాలు చదివానని నీతో చెప్పింది కూడా అబద్ధమే.

ఇప్పుడు చదివాను. హోంవర్కు ఇది.

దీపాలవాడిది. భార్య పోయిన మర్నాడు అతను మామూలుగా నూనె డబ్బా పట్టుకుని బయల్దేరుతాడు. మధ్యలో ఒక దీపం వెలిగించడం మర్చిపోతాడు. రైలు దూరంలో ఆగిపోతుంది. డ్రైవరు దిగి తిట్టడానికే వస్తాడు, అతన్ని చూసి తిట్టకుండా పక్కన మెట్టు మీద కూర్చుంటాడు. రైల్లోవాళ్ళు కిటికీల్లోంచి అరుస్తూనే ఉంటారు. ఇద్దరూ కాసేపు కూర్చుని, లేచి ఆ దీపం వెలిగిస్తారు. అంతే. నాకు మొదట ఆ డ్రైవరు మీద కోపం వచ్చింది, ఏదైనా ఒక మాట అనొచ్చు కదా అని. రెండోసారి చదివితే అనకపోవడమే బాగుందనిపించింది. మూడోసారి మళ్ళీ కోపం వచ్చింది. ఏది సరైన జవాబో నువ్వే మార్కులు వెయ్యి.

పంతులమ్మది సగమే చదివాను. అబద్ధం చెప్పను. మిగతాది చదవలేకపోతున్నాను. నీ పక్కన కూర్చుంటే చదవగలనేమో.

పడవలవాళ్ళది పదకొండు పేజీలు. తమ్ముడు పోయిన కొన్నాళ్ళకి, వాడు సగంలో వదిలేసిన పడవ పూర్తి చేద్దామని మిగిలిన ముగ్గురూ, ఇద్దరన్నలూ చెల్లెలూ, షెడ్డులోకి వెళ్తారు. ఎవరూ ఎవరి మొహం చూడరు. వాడు కోసి పెట్టిన ఆఖరి పలక తీసి పడవకి ఆనించి చూస్తే బెత్తెడు తక్కువ. ఇంట్లో అందరి కొలతలకీ వంకలు పెట్టినవాడు, తను తప్పు కొలిచాడు. అప్పుడు పెద్దవాడు నవ్వడం మొదలెడతాడు. తర్వాత రెండోవాడు. తర్వాత చెల్లెలు, పలక పట్టుకునే నేల మీద కూలబడి నవ్వుతుంది. పొరుగువాళ్ళు తలుపు దగ్గరికొచ్చి చూసి వెళ్ళిపోతారు. నవ్వి నవ్వి, అదే పలకకి ముక్క అతికి, పడవ పూర్తి చేస్తారు.

ఇక్కడే ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివినా ఎక్కట్లేదు. ఆ పిల్లకి నవ్వెలా వచ్చింది? ప్రాణంగా చూసుకుంది వాడిని, మందు సీసాలు తనే కడిగేది. నేనైతే ఆ పలక విరిచి అవతల పడేసేదాన్ని. షెడ్డు మొత్తం తగలబెట్టేదాన్ని. అలా అనుకుంటుండగానే మధ్యలో నాకూ నవ్వొచ్చింది, ఆ బెత్తెడు తక్కువ దగ్గర. వెంటనే నా మీద నాకే అసహ్యమేసింది. తర్వాత అది కూడా కాదు. ఏమిటో తెలియదు. మేస్త్రి అటుగా వెళ్తూ, "ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?" అని అడిగాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మేస్త్రి సెలవిచ్చాడు, సూదీ దారం తనే తీసి ఇచ్చాడు. ఫారాలన్నీ తెస్తున్నాను. కోపంగా ఉంటే ఉండు, మొహం అటు తిప్పి పడుకో, నేను కింద చాప మీద కూర్చుంటాను. కానీ కుట్టేముందు నువ్వు నాకు అది చెప్పాలి. నీకు ఇరవై ఏళ్ళప్పుడే అర్థమైంది కదా.

ఆ చెల్లెలు ఎందుకు నవ్వింది అక్కా?